ఆ పదకొండు లైన్లు

సూట్‌కేసు హాల్లో గోడవారన చేరి మూడు రోజులైంది. దాన్ని తీసి లోపల పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఊడ్చినప్పుడల్లా అక్క దాన్ని ఇటు జరుపుతుంది, ఆ కింద ఊడుస్తుంది, మళ్ళీ అక్కడికే నెడుతుంది.

"సోమవారం పొద్దున్నే కదూ వాడి ప్రయాణం?" అంది పెద్దావిడ, చేతిలోని పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"అవునత్తయ్యా."

"పద్దెనిమిదేళ్ళు ఇక్కడి కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టుకుపోయాడు. ఇప్పుడు వేరే ఊరి కోల్డ్ స్టోరేజీ మీద మోజు పుట్టిందా? పెళ్ళాం వద్దట, తల్లి వద్దట. ఒక్కడే వెళ్తాడట! నువ్వేమన్నా అన్నావా వాణ్ణి?"

"నేనేమంటానత్తయ్యా?"

"అనకపోతే తొమ్మిది రోజులుగా వాడు నోటికి తాళం ఎందుకేసుకున్నట్టు? కట్టుకున్నదానివి, నీకు తెలీక ఇంకెవరికి తెలుస్తుంది?"

అక్క చీపురు తలుపు వెనక పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమెకు తెలుసు. పెద్దావిడకే తెలియదు.

కిటికీ దగ్గర బల్ల మీద ప్రూఫు కాగితాలు పరుచుకుని కూర్చున్న పిచ్చికకైతే అందరికంటే ఎక్కువ తెలుసు. అందుకే గంటసేపటి నుంచీ ఒకే పేజీలో ఒకే లైను మీద పెన్సిలు పెట్టి కూర్చుంది.

పిచ్చిక అన్నది బావ, అంటే అక్క మొగుడు, పెట్టిన పేరు. అమ్మా నాన్నా పోయాక తొమ్మిదేళ్ళ వయసులో అక్క కొంగు పట్టుకుని ఈ ఇంటికొచ్చింది. వచ్చిన వారం రోజులూ కిటికీ గట్టు దిగలేదు. "ఏయ్ పిచ్చికా, అన్నం తింటావా, నూకలు చల్లమంటావా?" అని బావ అడిగితే అప్పుడు నవ్వింది, అప్పుడు దిగింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. పేపర్లో వార్త కంటే ముందు తప్పులు కనిపెడుతోందని ఆమెను వేలు పట్టుకుని ప్రెస్సుకు తీసుకెళ్ళి ప్రూఫ్ రీడరుగా చేర్పించిందీ బావే.

"అబ్బబ్బబ్బ, ఏం సిగ్గులేని పుస్తకమే ఇది!" అంది పెద్దావిడ, వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతూ.

"రెండోసారి చదువుతున్నారుగా అత్తయ్యా," అంది పిచ్చిక.

"మొదటిసారి కళ్ళజోడు సరిగ్గా లేదు."

ఆవిడనని ఏం లాభం! ఊరు ఊరంతా 'గడియ వెయ్యని గది' చదువుతోంది. ఒకప్పుడు ఇలాంటి నవలలు న్యూస్‌పేపరు అట్టలు వేసుకుని, పరుపుల కింద తలదాచుకుని బతికేవి. ఇది అలా కాదు. మందుల షాపులో దగ్గు మందు సీసాల పక్కనే పేర్చి అమ్ముతున్నారు. బ్యాంకులో అమ్మాయి దాన్ని కౌంటరు మీదే బోర్లించి పెట్టి, కాగితాల మీద ముద్రలు గుద్ది, మళ్ళీ అందుకుంటోంది. పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో నోరు తెరుచుకున్న మనిషి తప్ప బయట వరసలో ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ అదే. నాలుగుసార్లు అచ్చేశారు. ఇంకా చాలడం లేదని పిచ్చిక పనిచేసే ప్రెస్సు యజమాని తల పట్టుకుంటున్నాడు, అది కూడా ఆనందంగానే.

"ఇదుగో, ఇది విను," అంది పెద్దావిడ.

"వద్దత్తయ్యా, నాకు పనుంది."

"నీ పనీ పుస్తకాలేగా, విను!" అని గొంతు సవరించుకుంది. "'అతను వేడి గ్లాసును రెండు చేతులతో పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. తాగలేదు. అరచేతులు తన చెంపలకే ఆనించి చూసుకుని, ఇంకా కాదన్నట్టు మళ్ళీ గ్లాసు పట్టుకున్నాడు. ఆమె అటు తిరిగి పడుకుని నవ్వుతోంది. చివరికి ఒక్క వేలు ఆమె మెడ మీద పెట్టి అడిగాడు, ఇప్పుడు వెచ్చగా ఉన్నాయా?' ఆహా! ఎవరే ఈవిడ? మిగతా పుస్తకమంతా చింపుకోవడాలూ మీద పడటాలూ. ఇదొక్కటి చూడు, ఎంత ముద్దుగా రాసిందో! మగాడి మనసు తెలిసిన మనిషి."

వంటింట్లో గిన్నె ఒకటి దబ్బున కిందపడింది.

పిచ్చిక పెన్సిలు మొన విరిగింది. ఎందుకంటే ఆ రచయిత్రికి మగాడి మనసు తెలుసో లేదో గానీ, ఆ పదకొండు లైన్లూ మాత్రం ఆమె రాసినవి కావు.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉంది. అధ్యాయం చివరి పేజీ సగం ఖాళీగా మిగిలిపోతే యజమానికి గిట్టదు. "పేజీ బోసిగా కనిపిస్తే పాఠకుడు పుస్తకం మూసి టీ తాగడానికి లేస్తాడు" అంటాడు. రచయితలు అందుబాటులో ఉంటే వాళ్ళచేతే నాలుగు ముక్కలు రాయించేవారు. లేకపోతే ప్రూఫ్ రీడరే రచయిత ధోరణిలో అయిదో పదో లైన్లు అతికించాలి. పిచ్చిక అందులో చెయ్యి తిరిగిన మనిషి. ఎన్ని పుస్తకాల చివర్లలో ఆమె వానలు కురిపించలేదు, ఎన్ని కర్టెన్లు ఊపలేదు, ఎన్ని దీపాలు ఆర్పలేదు!

'గడియ వెయ్యని గది' ఏడో అధ్యాయానికి పదకొండు లైన్లు తగ్గాయి. రచయిత్రి ఫోను ఎత్తలేదు. మిషను మీద కాగితం ఎక్కించి మనుషులు నిలబడి ఉన్నారు. కథానాయకుడు పనినుంచి వచ్చాడు, తలుపు వేశాడు, అక్కడితో ఆగిపోయింది కథ. వాన చూద్దామంటే అప్పటికే మూడు అధ్యాయాల్లో కురిసేసింది. దీపం ఆరిపోయే ఉంది. "తెములుతుందా తల్లీ!" అని మిషను దగ్గర్నుంచి కేక. అప్పుడు పిచ్చిక చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. అయిదు నిమిషాలు పట్టలేదు.

దానంతటదే అని తొమ్మిది రోజులుగా తనకు తాను చెప్పుకుంటోంది. అబద్ధం. రాస్తున్నప్పుడు ఆమెకు తెలుసు అవి ఎవరి చేతులో. అక్క మెడ అనీ తెలుసు.

రెండేళ్ళ కిందట ఒక సంబంధం వస్తే పిచ్చిక వద్దని ఏడ్చింది. మగవాళ్ళంటే భయమంది. డాబా మీద ఆరిన బట్టలు మడత పెడుతూ అక్క చాలాసేపు తటపటాయించి, చెవులదాకా ఎర్రబడి చెప్పింది. "అందరూ రాక్షసులు కారే. మీ బావ చేతులు ఎప్పుడూ మంచుగడ్డలే కదా. ఆయన ఏం చేస్తారో తెలుసా..." పెళ్ళైన కొత్తల్నుంచీ అంతేనట. ఇప్పటికీ అడుగుతారట. చెప్పి, "ఛీ, నీతో చెప్పానేమిటి నేను, ఎవరితోనూ అనకు" అని మొహం దుప్పట్లో దాచుకుంది. చెల్లెలి భయం పోగొట్టడానికి అక్క తన దగ్గరున్న అపురూపమైన మాట తీసి ఇచ్చింది.

ఇప్పుడా మాట టీ కప్పుల మీద ఉంది. సిటీ బస్సుల వెనక ఉంది. 'ఇప్పుడు వెచ్చగా ఉన్నాయా?' అని పెద్ద అక్షరాలు, పక్కన పుస్తకం బొమ్మ. ఒకరోజు బస్సులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆ లైన్లు చదువుకుని ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. పిచ్చిక వెనక సీట్లో కూర్చుని విన్నది. ఆ క్షణంలో ఆమెకు గర్వం కలిగింది! నేనే రాశానని వాళ్ళ భుజం తట్టి చెప్పాలనిపించింది. అన్నిటికంటే అది తలుచుకున్నప్పుడే ఆమె తనను తాను క్షమించుకోలేకపోతోంది.

పెద్దావిడ పుస్తకం చంకన పెట్టుకుని లేచింది. "పక్కింటి టైలరమ్మ రమ్మంది. ఎనిమిదో అధ్యాయం ఇద్దరం కలిసి తిట్టుకుంటాం," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పిచ్చిక వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్క మాడిన గిన్నె తోముతోంది. ఈ తొమ్మిది రోజుల్లో మాడిన మూడో గిన్నె అది.

"అక్కా."

"ఊఁ."

"బావ నీతో ఏమన్నారు?"

"ఏమనలేదు. ఆ పుస్తకం తెచ్చి ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టారు. అంతే." పీచు కింద పెట్టి మళ్ళీ తీసుకుంది. "గోడౌన్లో పెట్టెలు మోసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అదే మాటతో ఆటపట్టించుకుంటున్నారట. ఒకడు వచ్చి ఈయన చేతిలో టీ గ్లాసు పెట్టి, ఫోర్‌మన్ గారూ, వెచ్చబడ్డాయా అన్నాడట. అందరూ నవ్వారట. ఆయనకి తల కొట్టేసినట్టయింది. నా పడగ్గది ఊరందరికీ ఎలా తెలిసింది అన్నారు. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు."

"అక్కా, అది..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పుస్తకం మీద మీ ప్రెస్సు పేరుంది కదే. నేను చెప్పింది ప్రపంచంలో ఒక్కర్తికి." అక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఎవరితో అన్నావు? ఆ రచయిత్రితోనా?"

"ఎవరితోనూ అనలేదు. నేనే రాశాను. పేజీ నిండలేదు అక్కా, పదకొండు లైన్లు తగ్గాయి. మిషను ఆగిపోయింది. ఇంకేం తోచలేదు."

అక్క తిరిగి చూసింది.

"పేజీ నిండలేదా?"

పిచ్చిక తల వంచుకుంది.

"పేజీ నింపడానికి మేమే దొరికామా నీకు?"

కుళాయిలోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. పిచ్చిక ముందుకొచ్చి కట్టేసింది. "నేను బావతో చెప్పేస్తాను. ఇవాళే చెప్తాను. కొట్టినా సరే, ఇంట్లోంచి పొమ్మన్నా సరే."

"నోరు మెదిపావంటే చూడు!" అక్క ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది, సబ్బు చేత్తోనే. "నామీద కోపం మొగుడి కోపం. అది ఇవాళ కాకపోతే ఆర్నెల్లకి దిగుతుంది. ఆ ఊరు వెళ్ళినా తిరిగొస్తారు. నీ సంగతి తెలిస్తే మాత్రం ఈ ఇంట్లో నీ మొహం చూడలేరు, నువ్వు ఆయన మొహం చూడలేవు. కూతుర్లా పెంచారు నిన్ను. ఎవరికీ చెప్పలేదని నేను ఆయనతో అన్నాను. ఆ మాట మీదే ఉంటాను. నువ్వు కదపకు."

"నావల్ల నువ్వెందుకు పడాలి?"

"పడతాను. నాకలవాటే." అని మళ్ళీ గిన్నె అందుకుంది. "వెళ్ళి నీ పేజీలు నింపుకో."

ఆ చివరి మాటకి పిచ్చికకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే అక్కే ఓదార్చాలి. అందుకని ఏడవకుండా వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. ముందున్నవి ఆ రచయిత్రి కొత్త నవల ప్రూఫులే. మార్జిన్లో యజమాని ఎర్రసిరాతో రాశాడు. 'మూడో అధ్యాయం పది లైన్లు తక్కువ. పోయినసారి పడ్డట్టే ఒకటి పడాలి.'

శనివారం కాబట్టి బావ మూడు గంటలకే వచ్చాడు.

ఎప్పుడూ చెప్పుల చప్పుడుతో వచ్చే మనిషి ఈ తొమ్మిది రోజులూ అరుగు మీదే చెప్పులు విడిచి దొంగలా లోపలికొస్తున్నాడు. ఇవాళ చప్పుడైంది. పిచ్చిక తలెత్తి చూసింది. ఉన్ని టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో ఏదో కొత్తగా ఉంది.

"అమ్మేదీ?"

"టైలరమ్మ ఇంటికి వెళ్ళారు బావా." తొమ్మిది రోజుల తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట, ఆ 'అమ్మేదీ'.

"మంచిదైంది." వంటింటి వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "టీ పెట్టు. ముగ్గురికీ పెట్టు."

వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడు వినిపించింది.

అక్క మూడు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. పిచ్చిక ప్రూఫులు పక్కకు తోసింది. బావ కుర్చీ లాక్కుని కూర్చుని, అలవాటు ప్రకారం గ్లాసును రెండు చేతులతో చుట్టేసి పట్టుకున్నాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ చేతుల వంక చూసి వెంటనే చూపు తిప్పుకున్నారు.

"నేను వెళ్ళడం లేదు," అన్నాడు బావ. "మేనేజరుకి చెప్పేశాను. సోమవారం ఇంకొకణ్ణి పంపిస్తారు."

అక్క నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది.

"కూర్చో. ఇవాళ గోడౌన్లో ముసలి మేస్త్రీ ఉన్నాడు చూడు, ముప్పై ఏళ్ళుగా మంచులో ఉన్నవాడు. వాడు తిడుతున్నాడు ఆ పుస్తకాన్ని. మా ఆవిడ చదివి నా ప్రాణం తీస్తోందండీ, మీరు నాకు చేసేదేగా ఇది, పుస్తకంలోకి ఎలా ఎక్కింది, ఎవరికి చెప్పుకు తిరిగారు అంటోంది అన్నాడు." బావ నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు చెమర్చాయి. "వాడేమో వేడినీళ్ళ గొట్టానికి చేతులు ఆనించి కాచుకుని ఇంటికెళ్తాడట. అక్కడే ఇంకొకడు, నేనైతే అన్నం గిన్నె పట్టుకుంటానండీ అన్నాడు. ఐసులో పనిచేసేవాళ్ళం, ఎవడి చేతులు చల్లగా ఉండవు? ఏదో నేనొక్కణ్ణే కనిపెట్టినట్టు..."

"టీ చల్లారిపోతుంది," అంది అక్క.

"చల్లారనీ. నువ్వు నామీద ఒట్టేసి చెప్పావు. ఎవరితోనూ అనలేదు, మీమీద ఒట్టు అన్నావు. పదిహేడేళ్ళ కాపురంలో నువ్వు ఒట్టెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అయినా నమ్మలేదు. నా అంత దరిద్రుడు ఉంటాడా?"

పిచ్చిక ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఒట్టా? ఎవరికీ చెప్పలేదని అన్నానని మాత్రమే అంది అక్క ఇందాక. చిన్నప్పుడు తను ఆటల్లో ఒట్టంటేనే చెంప మీద ఒక్కటిచ్చే మనిషి, ఆయన మీద ఒట్టేసిందా? తనకోసం!

ఆమె అక్క వంక చూసింది. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆ కొంగు చాటునుంచే తల అడ్డంగా ఊపింది. ఏమాత్రం తెలియనట్టు, చిన్నగా. వద్దు.

సరే, వద్దు. ఇంక చెప్పాల్సిన అవసరమేముంది? ప్రయాణం ఆగింది, బావ నవ్వాడు, అక్క ఏడుస్తూనే నవ్వుతోంది. ఒక్క టీ తాగి లేచిపోతే చాలు. పిచ్చిక గ్లాసు ఎత్తి పెదాల దాకా తెచ్చింది.

"నువ్వు కూడా నన్ను క్షమించాలి పిచ్చికా," అన్నాడు బావ.

"నేనా?"

"మీ ప్రెస్సులోనే అచ్చైంది కదా. ఒకరోజు నాకు నీమీద కూడా అనుమానం వచ్చింది. ఇది గానీ విని రాసిందేమో అనిపించింది." తల వంచుకున్నాడు. "ఛీ! నా చేతుల్లో పెరిగిన పిల్ల. అనుకున్నందుకు నేనే చెంపలు వేసుకున్నాను. మనసులో పెట్టుకోకు తల్లీ."

పిచ్చిక గ్లాసు కింద పెట్టింది. పెట్టడంలో టీ ప్రూఫుల మీద ఒలికింది. ఎవరూ తుడవలేదు.

"ఆ కొత్త కాగితాలు తడుస్తున్నాయే," అంది అక్క గబుక్కున. "లోపల పెట్టుకో. లే, ముందు లే."

"బావా, అది రాసింది నేనే."

"ఏది?"

"ఆ లైన్లు. ఆ పదకొండు లైన్లూ. రచయిత్రికి ఏమీ తెలియదు. పేజీ మిగిలిపోయింది, నేను నింపాను. మీరు నన్ను క్షమించమని అడక్కండి బావా, నాకు ప్రాణం పోతోంది. తిట్టండి. పొమ్మంటే పోతాను. అంతేగానీ నన్ను క్షమించమని మాత్రం..."

మాటలు ఆగలేదు. మిషను ఆగిందనీ, వాన కురిసేసిందనీ, బస్సులో అమ్మాయిలనీ ఏవేవో చెప్పుకుపోయింది. చెబుతుంటే తొమ్మిది రోజులుగా ఛాతీ మీద ఉన్న బరువు దిగిపోతోంది. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఆయన అరుస్తాడని ఎదురుచూసింది. ఆ అరుపులకు జవాబులు కూడా తయారుగా ఉన్నాయి.

బావ అరవలేదు. గ్లాసు చుట్టూ చేతులు అలాగే ఉన్నాయి.

"నీకెలా తెలుసు?" అన్నాడు.

"ఆఁ?"

"నేను అలా చేస్తానని నీకెలా తెలుసు?"

తొమ్మిది రోజుల్లో పిచ్చిక అన్ని ప్రశ్నలూ వేసుకుంది. ఈ ఒక్కటీ వేసుకోలేదు. నోరు తెరిచింది. చెప్పడానికి ఒకే ఒక్క జవాబు ఉంది, అది ఆమె చెప్పనక్కర్లేకుండానే గదిలోకి వచ్చేసింది. ఆమె అక్క వంక చూడకూడదనుకుంది. చూసింది.

బావ కూడా చూశాడు.

అక్క కొంగు వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తల దించలేదు.

"నామీద ఒట్టేశావు," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేదని ఇద్దరికీ అనిపించింది. "చెప్పినందుకు కాదు. చెల్లెలికేగా చెప్పావు, అడిగితే ఒప్పుకుంటే అయిపోయేది. నామీద ఒట్టేశావు."

"అవునండీ."

"పదిహేడేళ్ళలో ఇదొక్కటేనా?"

ఏం చెప్పినా అది ఇంకో ఒట్టులాగే వినిపిస్తుందని అక్కకు తెలుసు.

బావ గ్లాసు మీదనుంచి చేతులు తీసేశాడు. టీ ఒక్క గుక్క కూడా తాగలేదు. లేచి, హాల్లో గోడవారన ఉన్న సూట్‌కేసు చేతికి తీసుకున్నాడు. ఆ ఊరికి ఇంకొకణ్ణి పంపుతున్నారుగా, మరి ఎక్కడికని పిచ్చిక అడగబోయింది. అరుగు మీద చెప్పుల చప్పుడు వినిపించింది. వీధి మలుపు దాకా వినిపించి, తర్వాత ఆగిపోయింది.

అక్క మూడు గ్లాసులూ ఒకదాని తర్వాత ఒకటి దగ్గరికి లాక్కుంది. బావ గ్లాసు ఇంకా వేడిగానే ఉంది కాబోలు, దాన్ని మాత్రం కొంగుతో పట్టుకుంది.

"అక్కా, నేను పరిగెత్తి..."

"చెప్పేశావుగా," అంది అక్క, చెల్లెలి వంక చూడకుండానే. "ఇప్పుడు నీకు హాయిగా ఉందా?"